తలమోపు

మొగలిలంకలో వామి అంటే బుల్లియ్య, బుల్లియ్య అంటే వామి. పలివెల బుల్లియ్య నలభై ఏళ్ళుగా ఆ ఊరి గడ్డివాములన్నీ తన చేత్తోనే వేశాడు. అతను వేసిన వామి తుఫానుకు ఒరగలేదు, వానకు లోపల తడవలేదు. ఇది ఊరు చెప్పే మాట. ఊరు చెప్పడం కాస్త ఆలస్యమైతే అతనే చెప్పుకునేవాడు.

అలాంటి మనిషి ఒక మాఘమాసపు పొద్దున, ఊరి పడమటి కొసన ఉన్న పరిశోధన కేంద్రంలో గడ్డిలోడు దించడానికి వెళ్ళాడు. అక్కడ చదువుకున్నవాళ్ళు పేర్చిన గడ్డిగుట్టను చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

“ఇదేం వామండీ బాబూ! ఇటికల బట్టీ లాగుంది,” అన్నాడు.

గుట్ట పక్కన నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డ డాక్టరు హైమవతికి మాత్రం నవ్వు రాలేదు. ఆ కేంద్రానికి ఆవిడే పెద్ద. అది ఆవిడ వేయించిన తొమ్మిదో గుట్ట, తొమ్మిదీ పాడైపోయాయి.

కాగితం కోసం చెట్టు కొట్టడం దేశమంతా ఆపేసి అప్పటికి ఆరేళ్ళు. బళ్ళలో పిల్లలు మళ్ళీ పలకలు పట్టారు. ఒక్కో పాఠ్యపుస్తకం నలుగురి చేతులు మారి, అట్టలూడి, అయిదోవాడికి చేరేది. ఇంకోపక్క కోతలు కాగానే ఎకరాలకెకరాల గడ్డిని పొలాల్లోనే తగలబెడుతున్నారు. గడ్డిలో నార ఉంది, నారే కాగితమవుతుంది. ఆ సంగతి కొత్తదేం కాదు. చిక్కల్లా నారను పట్టుకుని ఉండే జిగురుతోనే. అది వదలాలంటే సోడా వేసి ఉడకబెట్టాలి. ఉడకబెడితే వరిగడ్డిలో ఉండే సన్నటి ఇసుక కూడా కరిగి గొట్టాల్లో గట్టిగా పేరుకుపోతుంది. మిగిలిన నల్లనీళ్ళు కాలవలో కలిస్తే చేపలు చచ్చి తేలతాయి.

హైమవతి ఒక బూజును తయారు చేసింది. పొయ్యి లేకుండా, సోడా లేకుండా, నలభై రెండు రోజుల్లో అది జిగురును తినేసి నారను వదిలేస్తుంది. ఇసుక ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. గాజుసీసాలో అది చక్కగా పనిచేసింది. గుట్టలోకి వచ్చేసరికి ఒకచోట ఉడికి చచ్చింది, ఇంకోచోట ఊపిరాడక కుళ్ళింది.

“వేడి ఎంత కావాలండి దానికి?” బుల్లియ్య అడిగాడు.

“ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. నలభై రెండు రోజులూ అంతే ఉండాలి.”

“డిగ్రీలు నాకు తెలీవండి. దూడ నోట్లో వేలు పెడితే ఎంత ఎచ్చగా ఉంటదో, అంతేనా?”

హైమవతి ఒక్క క్షణం ఆలోచించింది. “సరిగ్గా అంతే,” అంది.

“అయితే నాకొదిలెయ్యండి. మీ కట్టలన్నీ విప్పించెయ్యండి ముందు.”

మూడు రోజులు పట్టింది. ఒకరు గడ్డి అందిస్తూంటే బుల్లియ్య గుండ్రంగా తిరుగుతూ పరిచాడు, కాళ్ళతో అదిమాడు, నడుమ ఎత్తు చేసి అంచులు జారు ఉంచాడు. ప్రతి వరస మీదా హైమవతి తన చేత్తో బూజు కలిపిన నీళ్ళు చల్లింది. వామి నట్టనడుమ రోకలి నిలబెట్టి, వామి పెరిగేకొద్దీ దాన్ని పైకి లాగుతూ బూజు ఊపిరి తీసుకోవడానికి దారి వదిలాడు. ఈ ఉపాయం ఏ పుస్తకంలో ఉందని ఆవిడ అడిగింది. బుల్లియ్య తన పొట్ట తట్టి చూపించాడు.

మొదటిరోజే ఆవిడ అతన్ని కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. “బుల్లియ్య గారూ, ఒక్క పరక కూడా ఈ గేటు దాటకూడదు. ఈ బూజు గింజ వెయ్యదు, గాలికి ఎగరదు. నేను దాన్ని అలాగే తయారు చేశాను. కానీ గడ్డికి గడ్డి తగిలితే పాకుతుంది. మీ వాములకు అంటుకుంటే మీ గేదెలు ఏం తింటాయి?”

“ఆయ్, అలాగేనండి,” అన్నాడు బుల్లియ్య. మనస్ఫూర్తిగానే అన్నాడు.

అయితే మొగలిలంకలో వామి పూర్తవగానే జరిగేది ఒకటుంది. ఆఖరున వామి పైన కొప్పు మూసేటప్పుడు ఒక మోపు గడ్డి మిగులుస్తారు. దాన్ని తలమోపు అంటారు. అది వామి వేసినవాడిది. వామి సొంతదారు స్వయంగా దాన్ని ఎత్తి అతని నెత్తిన పెట్టాలి. తలమోపు దక్కని వామి కూలిపని కిందే లెక్క, వేసినవాడి పేరు దానికి చెల్లదు. బుల్లియ్య నలభై ఏళ్ళలో ఒక్క తలమోపు వదల్లేదు. ఇంత గొప్ప వామి, ఏ ఊళ్ళోనూ ఎవడూ వెయ్యని వామి వేసి, ఉత్తచేతులతో ఇంటికి పోవడమంటే అతనికి తల తీసేసినట్టయింది.

మూడోరోజు సాయంత్రం కొప్పు మూసి, చేతిలో మిగిలిన గడ్డిని అతను తేరిపార చూశాడు. దాని మీద బూజు నీళ్ళు పడలేదు, పొడిగా ఉంది. హైమవతి లోపల భూతద్దాల దగ్గరుంది. ఆవిడకు ఈ ఆచారం తెలీదు. చెబితే వద్దంటుంది. వద్దంటే మానాలి. అందుకని చెప్పలేదు. గడ్డిని అదిమి కట్టి, తనే ఎత్తి తన నెత్తిన పెట్టుకున్నాడు. గేటు దగ్గర కాపలా మనిషి “అయిపోయిందా మావా?” అని తలుపు తీశాడు. పని ముగించుకుని నెత్తిన మోపుతో ఇంటికెళ్ళే మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ వింతగా చూడరు. బుల్లియ్యకు తట్టనిది ఒక్కటే. మూడు రోజులుగా బూజు నీళ్ళు తొక్కిన కాళ్ళతోనే ఆ మోపును అదిమి కట్టాడు.

నలభై రెండోరోజు వామి విప్పారు. లోపల గడ్డి మెత్తబడి, తెల్లబారి, తేనె వాసన వేస్తోంది. హైమవతి గుప్పెడు తీసి నీళ్ళలో వేసి చేత్తో కలిపితే దూదిలా విడిపోయింది. ఆవిడ ఆ తొట్టి ముందు మోకాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఆ నారను బూజు చచ్చేలా ఒకసారి మరిగించి, దంచి, సన్నటి వల చట్రంతో నీళ్ళలోంచి పైకెత్తి, పలచగా ఆరబెట్టారు. మర్నాటికి కాగితం తయారైంది. పండిన వరిచేను రంగులో ఉంది. బుల్లియ్య దాన్ని ఎండకేసి పట్టుకుని చూశాడు. అతనికి గుండె పొంగి మాట రాలేదు. మాట రాకపోవడం అతనికి అదే మొదటిసారి.

ఆ కాగితం ఒకటి ఇంటికి తెచ్చి భార్య సూరమ్మ ఒళ్ళో పెట్టాడు. మరిగించింది కాబట్టి దాంట్లో బూజు లేదని హైమవతే ఇచ్చి పంపింది.

“ఇది మన గడ్డేనంటే నమ్ముతావా?”

సూరమ్మ తడిమి చూసి, “నీకన్నా నున్నగా ఉందయ్యో,” అంది. కానీ రెండు వీధులూ తిప్పి అందరికీ చూపించి వచ్చింది. ఆ వారమంతా ఊళ్ళో బుల్లియ్య మీసం కిందికి దిగలేదు.

వైశాఖంలో అకాల వాన పట్టుకుంది, నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా. అది వెలిశాక ఒకరోజు సూరమ్మ పెరట్లోంచి కేకేసింది.

“ఏవయ్యో, మన వామి గడ్డి తియ్యగైందో ఏవిటో, గేదెలు ఎగబడి తింటన్నాయి. తినడమేగానీ నిన్నట్నుంచి ఒక్కటీ నెమరెయ్యట్లేదు.”

బుల్లియ్య వామి దగ్గరికెళ్ళి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. పాత వామి చల్లగా ఉండాలి. అతని వేళ్ళకు దూడ నోటి వెచ్చదనం తగిలింది.

చెయ్యి బయటకు తీసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఆ తలమోపును అతను తన వామి మీదే వేశాడు. ఎండల్లో నిద్రపోయిన బూజు వానకు లేచింది. మూడోనాటికి పెద్ద గేదె కడుపుబ్బి చచ్చిపోయింది. మెత్తటి గడ్డి నమలకుండానే లోపలికి పోతోంది, నెమరు లేక కడుపు ఆగిపోతోందని పశువుల డాక్టరు చెప్పాడు. జ్యేష్ఠం దాటేసరికి ఊళ్ళో పదకొండు వాములు కూలిపోయి తెల్లటి ముద్దలయ్యాయి. నాలుగు గేదెలు పోయాయి. కొండేపూడి అప్పన్నది చూడి గేదె. దాన్ని పాతిపెట్టినరోజు అతను రెండు పూటలా అన్నం ముట్టలేదు.

జనమంతా కేంద్రం గేటు మీద పడ్డారు. గాలికి బూజు వదిలి ఊరిని నాశనం చేశారన్నారు. హైమవతి గేటు తీసి వాళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. “ఇది గాలికి పాకదు,” అని పదిసార్లు చెప్పింది. మరెలా పాకిందంటే మాత్రం ఆవిడ దగ్గర జవాబు లేదు.

బుల్లియ్య దగ్గర ఉంది. అతను ఆ జవాబును గొంతులో పెట్టుకుని అయిదు రోజులు తిరిగాడు.

“నోరు మూసుకో,” అంది సూరమ్మ. ఆవిడకు అతను చెప్పేశాడు, చెప్పకుండా ఉండలేకపోయాడు. “పదకొండిళ్ళవాళ్ళూ వచ్చి మన గుమ్మంలో నిలబడతారు. అప్పన్న మొహం ఎలా చూత్తావ్? గాలనుకుంటన్నారు, అనుకోనీ. గాలికేం పోయింది?”

“గాలికేం పోదే. ఆవిడికి పోద్ది.”

“ఆవిడ చదువుకున్న మనిషి, ఇంకోటి కనిపెట్టుకుంటది. నీకు ఈ వయసులో ఇంకో పేరొత్తాదా?”

సూరమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఊళ్ళో అతనికున్న ఆస్తి ఆ పేరు ఒక్కటే.

ఆరోరోజు విచారణ సంఘం వచ్చింది. ముగ్గురు మనుషులు. వాళ్ళకు పెద్ద పరాంకుశం అనే ముసలి శాస్త్రవేత్త, తక్కువ మాట్లాడే మనిషి. బడి ఆవరణలో షామియానా వేసి ఊరందరినీ కూర్చోబెట్టారు. హైమవతిని ముందుకు పిలిచారు.

“ఇది గాలికి పాకదని రాశారు. పదకొండు వాములకు పాకింది. ఎలా పాకిందో చెప్పగలరా?” అని అడిగాడు పరాంకుశం.

“చెప్పలేనండి.”

“మీరు చెప్పలేకపోతే మేం గాలనే అనుకోవాలి. గాలికి పాకే బూజైతే తల్లి బూజుతో సహా మొత్తం కాల్చెయ్యాలి. ఈ పని మీరే కాదు, ఇంకెవరూ, ఎక్కడా చెయ్యకుండా ఆపాలి. మీ పదమూడేళ్ళ కష్టమని నాకు తెలుసమ్మా. కానీ పశువుల నోటి దగ్గర గడ్డి ఇది.”

హైమవతి తల వంచుకుంది. ఆవిడ తన నోటుబుక్కు మూసి పరాంకుశం ముందు పెట్టెయ్యడం బుల్లియ్యకు కనిపించింది. అతను లేచి నిలబడ్డాడు. పక్కనుంచి సూరమ్మ పంచె పట్టుకు లాగింది.

“గాలి కాదండీ,” అన్నాడు. “నేను.”

తలమోపు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎవరూ ఎత్తలేదనీ, తనే ఎత్తుకున్నాననీ, ఆవిడ వద్దన్నా తీసుకెళ్ళాననీ చెప్పాడు. షామియానా కింద ఒక్కసారిగా అందరూ లేచారు. అప్పన్న జనాన్ని తోసుకుంటూ వచ్చి బుల్లియ్య చొక్కా పట్టుకున్నాడు.

“నా చూడిగేదెరా! కడుపులో దూడతో పోయిందిరా!”

“కొట్టరా అప్పన్నా. కొట్టాక నన్ను ఒక్క మాట చెప్పనీ. ఈళ్ళు ఎళ్ళిపోతే మళ్ళీ వినేవాళ్ళుండరు,” అన్నాడు బుల్లియ్య.

అప్పన్న కొట్టలేదు. చొక్కా వదిలేసి నేలమీద చతికిలబడ్డాడు.

“ఆ వానల ముందు గడ్డి చాలక ఆరిళ్ళవాళ్ళు మా ఇంట్లో చేబదులు మోపులు పట్టుకెళ్ళారండి. ఆళ్ళ దగ్గర్నించి ఇంకో నాలుగిళ్ళకెళ్ళింది. మాదొకటి. పదకొండూ అయినియ్యి. కావాలంటే రండి, ఏ మోపు ఏ గుమ్మంలోకెళ్ళిందో చూపిత్తాను. ఈ వాములన్నీ నేనేసినియ్యే.”

పరాంకుశం లేచాడు. ఊరంతా వెనకాల కదిలింది. బుల్లియ్య ముందు నడుస్తూ ఒక్కో ఇల్లూ చూపించాడు. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు ఔనని తలూపారు. పదకొండూ సరిపోయాయి. అయినా ముసలాయన ముఖంలో నమ్మకం పూర్తిగా కుదరలేదు.

“ఇవన్నీ దగ్గర దగ్గర ఇళ్ళే కదా. గాలి కూడా ఇదే దారిలో రావచ్చు,” అన్నాడు.

“గాలి ఎటునుంచొత్తాదండి మాకు? పడమట్నుంచి. కేంద్రం గోడ దాటాక ముందు ఏది తగలాలి?”

అందరూ అటు చూశారు. కేంద్రం ప్రహరీని ఆనుకుని, బుల్లియ్య పెరడుకు కంచె అవతల, ఒక వామి కొప్పు చెదరకుండా నిలబడి ఉంది. అది పక్కింటి మంగతాయారుది. పరాంకుశం స్వయంగా దాంట్లోకి చెయ్యి దూర్చాడు. చల్లగా ఉంది. మూడు చోట్ల గడ్డి తీయించి భూతద్దాల కింద చూపించుకున్నాడు. ఒక్క పోగు బూజు కూడా లేదు.

“వింతగా ఉందే. రెండు పక్కలా బూజు, నడుమ ఇది బాగుంది. దీనికెందుకు అంటలేదు?”

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. గుంపులోంచి సూరమ్మ గొంతు వినబడింది.

“ఆవిడకీ నాకూ మాటల్లేవండి! పదకొండేళ్ళయ్యింది!”

మంగతాయారు గడపలో నిలబడి నడుం మీద చెయ్యేసుకుంది. “ఆ ఇంటి పరక నా గుమ్మం తొక్కదండీ, రాసుకోండి! నా సొరపాదు ఆళ్ళ వామెక్కిందని కాయలన్నీ కోసుకున్న మనిషండి ఆవిడ!”

“నా వామి మీద కాసినియ్యి నాయే అవుతాయి!”

సంఘంలో వయసులో చిన్నవాడైన ఒకాయన నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. పరాంకుశం మాత్రం నవ్వలేదు. కేంద్రం గోడను చూశాడు, నడుమనున్న వామిని చూశాడు, కంచెకు ఇవతల ముద్దయిపోయిన బుల్లియ్య వామిని చూశాడు. గాలి రోజూ వెళ్ళిన చోట బూజు లేదు. మాట వెళ్ళిన ఇళ్ళకే వెళ్ళింది.

“ఇంతకన్నా మంచి ప్రయోగం నేను చేయించలేనమ్మా,” అన్నాడు హైమవతితో.

ఆ సాయంత్రం నివేదిక రాసేటప్పుడు హైమవతి ఆయన్ను బతిమాలింది. ఒక కూలి మనిషి పొరపాటు అని రాస్తే చాలదా, పేరెందుకు అని. బయట అరుగు మీదున్న బుల్లియ్యకు అది వినబడింది. లోపలికొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

“పేరు రాయండి బాబూ. ఇంటిపేరుతో రాయండి. వామి నాదైనప్పుడు తప్పు మాత్రం ఎవడో కూలోడిదా?”

పదకొండు వాముల ముద్దనూ ఊరివాళ్ళే కేంద్రంలోకి మోశారు. అది కాగితమైంది, మొగలిలంక బడికి ఏడాది పుస్తకాలకు సరిపడా. మంగతాయారు తన వామి విప్పి ఇంటింటికీ గడ్డి పంచింది. సూరమ్మ గుమ్మంలో కూడా ఒక మోపు పడేసి, “గడ్డి ఇత్తన్నానంతే, మాటలు కాదు,” అని వెళ్ళిపోయింది. ఆ గడ్డితో బుల్లియ్య రెండో గేదె కోలుకుంది. కోలుకున్న నాడే దాన్ని తోలుకెళ్ళి అప్పన్న రాటకు కట్టేసి వచ్చాడు. సూరమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడోరోజు తనే వెళ్ళి అప్పన్న పెళ్ళానికి ఆ గేదె పాలు చేపే విధం చెప్పి వచ్చింది.

శ్రావణంలో ఉత్తర్వు వచ్చింది. హైమవతి కబురు పంపితే బుల్లియ్య వెళ్ళాడు. ఆవరణలో ఉత్త నేల మీద ఇద్దరూ నిలబడ్డారు. ఆవిడ చదివింది.

“ఈ బూజు గాలికి పాకదు. వామి వేసిన పలివెల బుల్లియ్య సాక్ష్యం వల్ల ఇది రుజువైంది. డెల్టా అంతటా నలభై చోట్ల ఈ పద్ధతిని అనుమతిస్తున్నాము.” ఆవిడ ఆగింది. “కింద షరతులున్నాయి. మొదటిది... గడ్డిని బయటికి తీసుకెళ్ళిన వ్యక్తి ఇక ఎప్పటికీ ఏ కేంద్రంలోనూ అడుగు పెట్టకూడదు.”

ఆవిడ కాగితం దించింది. “నేను మళ్ళీ రాస్తాను వాళ్ళకి. మీరు లేకుండా వామి ఎవరు వేస్తారు?”

“అప్పన్న ఏత్తాడండి. కాలవ గట్టు మీద ఉత్త గడ్డితో నేర్పుతున్నాను. చెయ్యి మంచిది ఆడిది. మీరేం రాయద్దు, ఆళ్ళు రాసింది నాయమే.”

“అప్పన్నా? మీ దగ్గర నేర్చుకుంటున్నాడా?”

“తిడతా నేర్చుకుంటన్నాడండి.”

హైమవతి నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. బుల్లియ్య కాసేపు ఆ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. దుఃఖం లేకపోలేదు. తను వేసిన వాటన్నిటిలోకీ గొప్ప వామి ఇక్కడే లేచింది. అలాంటిది ఇంకొకటి తను వెయ్యడు. కానీ ఛాతీలో దుఃఖం కన్నా పెద్దది ఇంకేదో నిండి ఉంది. అది గర్వమేనని అతనికి బాగా తెలుసు.

“ఆ మొదటి ముక్క ఇంకోసారి చదవండమ్మా,” అన్నాడు.

ఆవిడ మళ్ళీ చదివింది, గట్టిగా, నిదానంగా. అతను ప్రతి మాటకూ తలూపుతూ విన్నాడు. రెండో ముక్క అడగలేదు. తుండుగుడ్డ అక్కడే దులిపి భుజాన వేసుకున్నాడు. అరికాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చూసుకుని, నీళ్ళ కుండీ దగ్గర రెండుసార్లు కడుక్కున్నాడు. గేటు దాటి, అవతలికి వెళ్ళి, బయటి నుంచి తనే గడియ పెట్టాడు.